చిలప

ఇక్కడ వాన కురవదు, కాపురముంటుంది.
మొన్నటి చినుకు ఆరకముందే ఇవాళ్టిది వచ్చి
దాని పక్కనే పక్క వేసుకుంటుంది.
చిలోయే దీవిలో, అచావో రేవు దగ్గర,
చెక్కపెంకుల గోడల మధ్య
నేనూ హువామానీ
ఒక్క గొడుగు, నాలుగు తడిసిన బూట్లు.

పందొమ్మిదేళ్లకే మా పేర్ల ముందు
'ఎల్డర్' అని తగిలించారు.
పెద్దరికం బ్యాడ్జీ మీద ఉంది.
దాని వెనక
ఆరున్నర అలారానికి ఉలిక్కిపడి
ఏ దేశంలో ఉన్నానో వెతుక్కునే కుర్రాడున్నాడు.
మా వవావులో చలంటే
తడి జుట్టుకి తగిలే సాయంత్రపు గాలి.
ఇక్కడది ఎముకలో అద్దెకు దిగింది.

మొదటి నెల. వల బాగుచేసుకుంటున్న
డాన్ రెమిహియోతో
బట్టీపట్టిన స్పానిష్‌లో అన్నాను:
"దేవుడు మీ చేపలన్నిటినీ క్షమిస్తాడు."
పాపానికీ చేపకీ ఆ భాషలో ఒక్క అక్షరమే తేడా.
హువామానీ గొడుగు చాటుకి తప్పుకున్నాడు.
ముసలాయన సూది ఆపలేదు.
"ఈ ఏడు ఎర్రపోటు వచ్చిపడింది నాయనా,
క్షమించడానికి ఒక్కటైనా దొరికితే
కబురు చేస్తాలే."

తలుపులు.
కొన్ని తెరుచుకోకముందే మూసుకుంటాయి.
కొన్నిటి వెనక టీవీ గొంతు తగ్గుతుంది,
ఇల్లంతా ఊపిరి బిగబట్టి
మేం దిగే మెట్లు లెక్కపెడుతుంది.
కుక్కలే నయం,
వద్దన్నమాట ముఖం మీదే అంటాయి.

డోన్యా ఎదువీనా తలుపుకి గడియ లేదు.
"దేవుడి సంగతి నా దగ్గర ఎత్తకండి.
ఆయనకీ నాకూ మాటల్లేక పదకొండేళ్లు.
పడవ తిరిగొచ్చింది, బెలార్మీనో రాలేదు.
నీ చేతులు ఖాళీయేనా? చాపు."

చాపాను.
రెండు చేతులకీ ఉన్ని చిలప తగిలించింది.
గొర్రె వాసన, పొయ్యి పొగ వాసన.
ఆమె ఉండ చుడుతుంటే
దారం నా బొటనవేళ్ల మీదుగా
అటొకసారి ఇటొకసారి పాకిపోయింది.
పెరట్లో హువామానీ గొడ్డలి చప్పుడు.
మొదటి పాఠం సంచిలోనే
పడుకుని నిద్రపోయింది.

ఆపైన ప్రతి గురువారం అంతే.
ఒకరోజు, ఉండ సగమయ్యాక, అంది:
"ఎడమచేతి వాటం వాడిది.
స్వెట్టరుకి ఎప్పుడూ ఎడమ మోచెయ్యే చిరిగేది."
నా నాలుక చివర ఓదార్పు వాక్యం ఒకటి
అధ్యాయం, వచనంతో సహా సిద్ధంగా ఉంది.
కానీ చేతులకి దారం ఉందిగా,
కదిలితే చిక్కు పడుతుంది.
నోరు కూడా కదల్లేదు.
ఆమె ముక్కు చీదుకుని మళ్లీ చుట్టసాగింది.

ఆదివారం రాత్రి లెక్క పంపాలి.
బోధించినవారు: సున్నా.
కొత్తగా వచ్చినవారు: సున్నా.
చీల్చిన కట్టెలకి గడి లేదు,
ఉన్నికి అసలే లేదు.
సున్నాని కాస్త గుండ్రంగా,
ఉన్ని ఉండలా దిద్దాను.

సోమవారం ఉతుకుడు, ఆరని చొక్కాలు,
ఫోన్లో అమ్మ.
మామయ్య వెనకనుంచి అరిచాడు, ఎంతమందికి
బాప్తిస్మమిచ్చావురా అని.
నేను ఎదువీనా సంగతి చెప్పాను.
అమ్మ చాప అల్లుతూనే వింది. చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్వింది:
"మొగలాకు కాసేపు పట్టుకోరా అంటే
కొండెక్కి పారిపోయేవాడివి.
అంత దూరం వెళ్లాల్సొచ్చిందా
నీ చేతులు నిలవడానికి?"

ఆ రాత్రి మంచం పక్కన మోకాళ్లూని
చేతులు జోడించబోయాను.
జానెడు దూరంలో ఆగిపోయాయి,
మధ్యలో ఏదో ఉన్నట్టు.
అలాగే ఉంచాను.
రేకు మీద వాన.
పక్కమంచం మీద హువామానీ నిద్రలో గొణుగుతున్నాడు,
రేపటికి పొడికట్టెలు
చాలవేమోనని.