వాన లెక్కలు

మంగళవారం పొద్దున్నే మొదలైంది.
మీట నొక్కితే నల్లటి తెర,
తెర ఎడమ మూల తెల్లటి గీత ఒకటి
రెప్ప వేస్తూ, తీస్తూ,
ఏదో అడగబోయి మరిచిపోయిన మనిషిలా.

పెట్టె లోపల టిక్కు. ఆగి, మళ్లీ టిక్కు.
మూడోది కాస్త ఎక్కువసేపు గీరుకుని
ఆపైన ఏమీ లేదు.

బతూమిలో వాన.
ఇది చెప్పడం దండగ, బతూమిలో ఎప్పుడూ వానే.
నేను ఓడరేవులో క్రేను నడిపి రిటైరైనవాణ్ణి.
బాల్కనీలో గాజు గొట్టం ఒకటి ఉంది.
పందొమ్మిదేళ్లుగా రోజూ ఏడింటికి
రాత్రి ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో చూసి
కంప్యూటర్లో రాసుకుంటాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగినా నా దగ్గర జవాబు లేదు.

ఆ లెక్కంతా ఇప్పుడు ఆ టిక్కులో ఉంది.

పక్క రేకు విప్పాను.
నాలుగు స్క్రూలకు మూడే ఉన్నాయి.
లోపల దుమ్ము, చచ్చిన ఈగ,
ఎప్పుడో పోయిన పిల్లి వెంట్రుకలు.
కేబుల్ పీకి, ఊది, మళ్లీ గుచ్చాను. టిక్కు.
వేరే కేబుల్. టిక్కు.
కరెంటు తీగ మార్చాను.
మదర్‌బోర్డు చెప్పే జాబితా తెరిచి చదివాను:
కీబోర్డు ఉంది, మెమరీ ఉంది,
డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ.
నా అరచేతిలో వెచ్చగా వణుకుతున్నదాన్ని
లేదు పొమ్మంటుంది.

కింది అంతస్తు మ్జెవినార్ మెట్లెక్కి వచ్చింది.
"ఫ్రీజర్లో పెట్టు. మా మరిది పెడితే లేచింది."
"లేచి?"
"మళ్లీ పడుకుంది."
మా ఫ్రీజర్లో ఖింకాలీలున్నాయి.
వాటి పక్కన పెట్టబుద్ధి కాలేదు.

బ్యాకప్ సంగతి అడక్కండి.
చేతులు కాలాయి,
పట్టుకోడానికి ఆకులు కూడా లేవు.

బజారు వెనక ఫోన్లు బాగుచేసే గోచాని పిలిచాను.
చెవి ఆనించి విన్నాడు, డాక్టర్లా కాదు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"దీన్ని బతికించలేం మామా, దీనిచేత చెప్పించాలి.
తొందరపెడితే పళ్లు బిగిస్తుంది."
ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు,
పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాడు.
చదవగలిగింది చదువుతుంది,
మొండికేసిన చోటు వదిలేసి ముందుకు పోతుంది,
చివర్లో మళ్లీ వెనక్కి వచ్చి బతిమాలుతుంది.
నాకిది కొత్త కాదు.
గాలికి బరువు ఊగుతుంటే లాగకూడదు.
ఊగనివ్వాలి. సిగరెట్ వెలిగించుకోవాలి.

మూడు రాత్రులు టిక్కులు లెక్కపెడుతూ కూర్చున్నాను.
డెబ్బై ఒక్క శాతం దగ్గర అది పూర్తిగా ఆగిపోయింది.

వచ్చినవాటికి పేర్లు లేవు.
అన్నీ అంకెలే, ఏడేసి అంకెలు.
వాన లెక్కలో ఏడేళ్లు దొరికాయి,
మిగతా పన్నెండేళ్లూ చిరిగిన పేలికలు,
ఒక నవంబరు, సగం జూన్.

కానీ నేను దాచుకోనివి వచ్చాయి.
గ్యారేజీ వాటా తగాదాలో
ఒక్క రాత్రిలో తుడిపేసిన నలభై ఫొటోలు.
మా తమ్ముడు మల్ఖాజ్.
"ఇవి తుడిపేశాను కదా," అన్నాను.
గోచా నవ్వలేదు. "తుడిపితే చిరునామా పోతుంది మామా.
ఇల్లు అక్కడే ఉంటుంది,
ఇంకెవరో వచ్చి చేరేదాకా."

ఒక దాంట్లో వాడు మా బాల్కనీలో
స్టూలు మీద నిలబడి,
పళ్ల మధ్య స్క్రూడ్రైవర్,
గాజు గొట్టాన్ని కమ్మీకి తీగతో కడుతున్నాడు.
నేను మరిచేపోయాను.
రాగి తీగ. ఇప్పుడు పచ్చబడింది,
ముడి మాత్రం అదే.

"దీనికేం పేరు పెట్టమంటావు?"
గోచా వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి.

ఏడయింది. గొట్టం చూసి వస్తానన్నాను.
ఇరవై మూడు మిల్లీమీటర్లు.
కొత్త డిస్కులో మొదటి వరుస.

ఫొటోకి ఇంకా అంకెలే ఉన్నాయి.