ఒక దుంప తక్కువ

పూందమల్లి హైరోడ్డు వెనక
మూలికల తోటలో ఎనిమిదో మడి నాది.
తులసీ అడ్డసరం నేలవేమూ చూసే పచ్చయమ్మ దగ్గరికి
బడి బస్సులొస్తాయి,
ఆకు నలిపి పిల్లల ముక్కుల కింద పెడుతుంది.
నా మడికి ఇనప వల, గొళ్లెం,
ఎర్రరంగు పుర్రె.

పుర్రె వేసింది నేనే.
పెయింటరు రాలేదని డాక్టర్ తిలకవతి
బ్రష్షు నా చేతికిచ్చింది.
నాకు బొమ్మలు రావు, అది నవ్వుతున్నట్టు వచ్చింది.
అరవంలో, లాటిన్‌లో పేర్లు వాళ్లు రాశారు.
మట్టికి ఆనుకునే చోట, ఎవరూ అడక్కపోయినా,
చిన్నగా నేను రాసుకున్నాను:
ముషిణి. ఉమ్మెత్త. చిత్రమూలం. గురివింద. అడవినాభి.
మా అమ్మ సూళ్లూరుపేట నుంచి మోసుకొచ్చిన పేర్లు,
వ్యాసర్పాడిలో వాడకం లేక
నా నోట్లోనే ముడేసి ఉండిపోయినవి.

ఎండాకాలం అడవినాభికి పైన ఏమీ ఉండదు.
తీగ ఎండి రాలిపోతుంది, దుంప నిద్రపోతుంది.
ఉత్త మట్టి, మీద బోర్డు, దాని నవ్వు.
ఏమీ లేనిచోట అపాయం అని ఎందుకు రాశారు
అని అడుగుతారు.
ఉంది, అంటాను.

మే నెల, మూడో మంగళవారం.
గొళ్లెం తీసి ఉంది.
పుల్లలు తొమ్మిది గుచ్చాను, తొమ్మిదో పుల్ల వాలి ఉంది.
తవ్వి చూస్తే ఎనిమిదే.
పందికొక్కక్కా, అన్నాడు వాచ్‌మన్ ఏసుపాదం.
పందికొక్కు గొళ్లెం తీస్తుందా?
తవ్విన చోట మట్టి సర్ది
అరచేత్తో తట్టి పోతుందా?
మట్టి మీద అయిదు వేళ్లున్నాయి.
మణికట్టు దగ్గర గాజు ఒరుసుకున్న గీత.

స్టాకు రిజిస్టరులో రాశాను: ఒక దుంప తక్కువ.
డాక్టరమ్మ చదివి కళ్లద్దాలు తీసింది.
కీళ్లవాతానికి మందు దీనిలోంచే, అంది ఎవరితోనో అన్నట్టు.
తర్వాత ఫోను తీసి
కీల్పాక్ ఆసుపత్రికి చేసింది.
ఎవరైనా వస్తే, ఇది అని గుర్తుపెట్టుకోండి, అంది.
ముషిణి గింజల్ని పాలలో ఉడికించే గదిలో
ఆ రోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

రాత్రిళ్లు ఫ్యాను కింద పడుకుంటే
దూరాన పోయే ప్రతి అంబులెన్సూ నాదే.
గుర్తొచ్చింది.
ముందు వారం ఒకామె, చేతిలో టిఫిన్ క్యారియర్,
నీళ్లు ఎప్పుడు పోస్తారు, అని అడిగింది.
విషం మొక్కకి దాహం గురించి
ఇన్నేళ్లలో అడిగింది ఆమే.
ఆ సంబరంలో చెప్పాను:
ఎండాకాలం పొయ్యకూడదమ్మా, కుళ్లిపోతుంది,
అదుగో అక్కడే ఉంది, జానెడు లోతున.
చూపుడువేలు పెట్టి మరీ చూపించాను.
గురివింద తన నలుపు ఎరగదంటారు.
నా వేలి సంగతి నాకు తెలుసు.

పదకొండు రోజులు.
శుక్రవారం పొద్దున గేటు గోడ మీద
క్యారియర్‌లో అన్నిటికన్నా చిన్న గిన్నె, మూత బిగించి.
లోపల తడిగుడ్డ.
గుడ్డలో అది, నాగలిలా వంగి,
ఒక కొన దగ్గర కత్తి గాటు.
లోతు లేదు.
ఎంతసేపు పట్టుకుని కూర్చుందో కత్తిని,
గాటు చూస్తే చెప్పలేం.

పాతిపెట్టాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.
రిజిస్టరులో పాత గీత కింద రాశాను:
తిరిగి వచ్చింది. ఒకటి.
గాటుంది. కన్ను బతికే ఉంది.

గిన్నెని ఇటుకపొడితో తోమి
పనిముట్ల గది కిటికీలో బోర్లించాను,
రోడ్డు మీది నుంచి కనబడేట్టు.
ఆదివారాలు కూడా ఎందుకొస్తున్నావు, జీతమిస్తారా,
అని పచ్చయమ్మ నవ్వుతుంది.