గ్లవ్స్ ఉతికిన నీళ్లు

తిమోతి మాస్టారు తెల్లకాగితం చేతికిచ్చి అన్నారు:
"వెనకనుంచి ఆటంతా చూసేవాడివి నువ్వే కదా,
కొత్త కుర్రాడి గురించి నాలుగు ముక్కలు రాయి.
వచ్చే ఏడాదికి ఉంచాలో వద్దో
కమిటీవాళ్లు తేల్చాలట."

రాయడానికి ఏముంది?
సూరాడ ఎల్లాజీ. పందొమ్మిదేళ్లు. పెదజాలారిపేట.
పదకొండు మ్యాచులు. కొట్టిన గోల్స్ సున్నా.
కొట్టించినవీ సున్నా.
పసుపు కార్డులు రెండు, అందులో ఒకటి అన్యాయం.
వాడు పరిగెత్తగా చూసినవాళ్లు లేరు.
చూసేసరికి అక్కడ ఉంటాడు, అంతే.

మొదటివారం నేనే అడిగాను,
"ఏటి మాస్టారూ, ఈడు ఆడతన్నాడా, కాపలా కాస్తన్నాడా?"
సింధియా రోడ్డులో పునుగులబండి అప్పాయమ్మ కూడా
జాలిపడింది: "ఆ గుంటడికి బంతి ఇవ్వరేటర్రా?"

ముందు నా సంగతి చెప్పాలి.
పన్నెండేళ్లుగా మల్కాపురం గ్రౌండులో పేరంటే నాదే.
నడుమ కన్నమున్న జట్టుకి గోలీయే దేవుడు.
ఎడమకి దూకి, కుడికి దూకి,
మోచేతులు చీరుకుని ఇంటికెళ్లి
గ్లవ్స్ బకెట్లో నానేస్తే
నీళ్లు చిక్కటి కాఫీలా తిరిగేవి.
ఓడిపోయిన రోజు కూడా భుజాలకెత్తుకునేవారు,
"ఆరు పడాల్సింది, మూడే పడ్డాయిరా!" అని.

ఎల్లాజీ వచ్చాక
నా దగ్గరికి ఎవరూ రావడం లేదు.
షిప్‌యార్డు వాళ్ల పదో నంబరు,
మూడేళ్లుగా నన్ను ఏడిపించినవాడు,
బంతి తీసుకుని తలెత్తేసరికి ఎదురుగా వీడు.
లాక్కోడు. తన్నడు. మాటైనా అనడు.
ఇరుకు సందులో ఎదురైన ఆవులా నిలబడతాడు.
అతను పక్కవాడికి ఇచ్చుకుంటాడు,
పక్కవాడు వెనక్కి ఇచ్చుకుంటాడు.
పడని గోలుని ఏ గడిలో రాయను?
రాని తుఫానుకి నష్టం అంచనా కట్టే గుమాస్తా
ఏ కలెక్టరాఫీసులో ఉన్నాడు?

సన్యాసిరావు బొజ్జ తగ్గలేదు,
అయినా మంచి డిఫెండరని అందరూ అంటున్నారు.
మొయినుద్దీన్ వెనక్కి చూసుకోకుండా పరిగెత్తడం నేర్చి
రెండు గోల్స్ కొట్టాడు, అరగంటసేపు నవ్వాడు.
నాకైతే గొంతు బాగుపడింది.
"నడుమ! నడుమ!" అని అరిచి అరిచి
ఆదివారమంతా మా ఆవిడతో సైగలు చేసేవాణ్ణి.
ఇప్పుడు మాట్లాడుతున్నాను. ఆవిడకే విసుగు.

కబురు చేసేవాళ్లు లేక
డాల్ఫిన్ కొండమీద లైట్‌హౌస్ వెలుగుని
ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతూ నిలబడుతున్నాను.
పేపర్లో నా పేరు రాలేదు ఈ సీజన్లో.
గోలీ ముసలాడైపోయాడు, కదలడం లేదు
అని ఎవరో గోడమీంచి అన్నారు. విన్నాను.

గాజువాక మ్యాచు ఆఖర్లో
తడిమట్టిలో ఎల్లాజీ జారాడు. ఒక్కసారే.
బంతి నాకేసి వచ్చింది,
నిదానంగా, చుట్టపుచూపుగా.
ఒకప్పుడు అలాంటివి నిద్రలో ఆపేవాణ్ణి.
చేతులు మరిచిపోయాయి.
వలలోంచి బంతి తీస్తుంటే
వాడు వచ్చి, "తప్పు నాదే అన్నా" అన్నాడు.
కాదని నాకు తెలుసు. వాడికీ తెలుసు.
నేను "ఆఁ" అన్నాను.

కాబట్టి మాస్టారూ, వాణ్ణి ఉంచండి.
వీడు చేసిందేమిటని కమిటీ అడిగితే
నా గ్లవ్స్ చూపించండి.
నిన్న అలవాటుకొద్దీ బకెట్లో వేశాను.
నీళ్లు కొంచెం ఎర్రబడ్డాయి,
బంతి మరకకి కాదు,
పోర్టునుంచి గాలికి ఎగిరొచ్చిన ఇనుపరాయి దుమ్ముకి.

గోలీ గురించి
ఈ కాగితంలో మీరు అడగలేదు.
నేనూ రాయలేదు.