మరి మందెవరు వేస్తారు?

ఔలు పట్నంలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన
మా వంటగది.
గురువారం సాయంత్రం. బయట సున్నాకి తొమ్మిది డిగ్రీలు కింద.
హీటరు మీద ఐదు జతల చేతి తొడుగులు
తడి ఉన్ని వాసనేస్తూ ఆరుతుంటాయి.
యాలకుల బన్నులు, నల్ల కాఫీ,
జాడీ నిండా పాచికలు.

పదకొండేళ్ళుగా ఇదే వరస.
వేయిక్కో డాలు పట్టుకుని ముందు నిలబడతాడు.
బడిలో భూగోళం చెబుతాడు,
పిల్లలు అరిస్తే కిటికీ వైపు తిరుగుతాడు.
హిల్కా వెనకనుంచి నిప్పు విసురుతుంది
ఎన్ని గజాల దూరమో వేళ్ళతో కొలిచి మరీ,
నలభై ఏళ్ళు పొలాలు సర్వే చేసిన అలవాటు.
యల్మారి తాళాలు తీస్తాడు, జేబులు కొడతాడు,
బన్నులూ లెక్కకు మించే కొడతాడు.
సిర్కు మందు వేస్తుంది.

మందు వేయడమంటే ఏముంది,
తన వంతు రాగానే
ఎవరి నెత్తురు కారుతోందో చూడాలి,
వాళ్ళ దాకా పోవాలి, చెయ్యి ఆనించాలి,
ఎనిమిది ముఖాల పాచిక వేసి అంకె చెప్పాలి.
అంతే, వంతు అయిపోయినట్టే.
ఆమె ఎవరినైనా ఒక్క దెబ్బ కొట్టగా
నాకు గుర్తు లేదు.
ఆమె పాత్రలో అందరం గరిటె ముంచాం.
అడుగంటిందేమోనని
వంచి చూసినవాళ్ళం లేం.

నిన్న ఆమె కొత్త కాగితం తెచ్చింది.
తెల్లవారుజామున మూడింటికే లేచి
ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది,
కళ్ళ కింద ఎప్పుడూ ఉండే నీలం.
మడతలు పోయేలా అరచేత్తో కాగితం రాసి
"ఈసారి నేను దొంగని" అంది.

"దొంగని నేను కదా" అన్నాడు యల్మారి.
"ఇద్దరు ఉండకూడదని ఎక్కడ రాసుంది?"

అందరూ నా వైపు చూశారు.
ఆట నడిపేది నేను, నియమాల పుస్తకం నా దగ్గరే.
తిప్పాను. ఎక్కడా లేదు.

అప్పుడు వేయిక్కో, ఎంతో మర్యాదగా,
బన్ను తుంచుతూ, ఎవరినీ చూడకుండా
"మరి మందెవరు వేస్తారు?" అన్నాడు.

హీటరు టక్కుమంది.

ఒప్పుకుంటాను, ముందు కోపం వచ్చింది నాకే.
ఆ గుహ గీయడానికి మూడు వారాలు పట్టింది.
ఏ గోరు ఎంత లోతు దిగాలో
ఏ మలుపులో ఎవరు కూలాలో
అన్నీ సిర్కు చేతుల కొలతకే కుట్టాను.
ఆమె మాన్పుతుందన్న ధీమాతోనే కదా
ఇన్నాళ్ళూ అంత ధారాళంగా పొడిచాను.

సరే, దిగారు.
మొదటి తలుపు దగ్గరే వేయిక్కో ఆగాడు.
తలుపంటే తన్నడమే తెలిసినవాడు
చెవి ఆనించి విన్నాడు.
"లోపల ఎవరైనా దగ్గుతున్నారా?" అని అడిగాడు.
దగ్గుతున్నారని నేను రాసుకోలేదు.
దగ్గుతున్నారన్నాను.

ఇక ముప్పావు గంట
ఒక ముసలి రాక్షసుడితో హిల్కా కబుర్లు,
ఎన్నాళ్ళ నుంచి, రాత్రిళ్ళు ఎక్కువా,
ఈ గుహలో తేమ ఎటునుంచి వస్తోంది అని.
కత్తి ఒరలోనే ఉంది. కాఫీ చల్లారింది.
మూలనున్న పెట్టె దగ్గర ఇద్దరు దొంగలు
నువ్వు తియ్యి అంటే నువ్వు తియ్యని గుసగుసలాడి
చివరికి సిర్కు పాచిక వేసింది.
మూడు.
మళ్ళీ వేసింది. రెండు.
మళ్ళీ. ఒకటి!
పడీ పడీ నవ్వింది,
కింద కొట్టులో ఎవరో సుత్తి ఆపి వినేంతగా.

తాళంలో ముల్లుంది, విషం పూసింది.
అది మాత్రం నేను రాసుకున్నదే.

మందెవరు వేస్తారోనని
అందరం అలవాటుగా సిర్కు వైపే తిరిగాం.
కుట్టింది సిర్కుకే.

వేయిక్కో డాలు కింద పెట్టాడు.
అంటే, పెట్టానని చెప్పాడు,
కానీ నిజం చేతులు కూడా బల్ల మీంచి కాస్త లేచాయి.
అంగీ చింపి కట్టు కడతానన్నాడు.
"ఎక్కడ కుట్టింది?" అని అడిగాడు,
ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు ఆ బల్ల దగ్గర
అప్పటిదాకా లేరు.
పాచిక దొర్లి కప్పుకు తగిలి ఆగింది.
నాలుగు. చాలదు.
"చాల్లే" అంది ఆమె.

పదిన్నరకి లేచారు. మంచు మొదలైంది,
మూడింటికల్లా ఆమె రోడ్డు మీద ఉండాలి.
ఆరని తొడుగులే వేసుకుని వెళ్ళింది.

వచ్చే గురువారానికి గుహ మళ్ళీ గీయాలి.
దగ్గేవాడికి ఒక పేరు కావాలి.
రబ్బరు ఎక్కడ పెట్టానో.