నమలకుండా

విమానానికీ విమానానికీ మధ్య ఏడు గంటలు.
దిగడానికి ఒకటి, తిరిగి ఎక్కడానికి రెండు పోగా
చేతిలో మిగిలినవి నాలుగు.
నాలుగు గంటల్లో బ్రూనై అంతా చూసేస్తానని
భుజాన సంచితో బస్సెక్కాను.
సంచిలో ఒక టూత్‌బ్రష్షు, ఒక జత మేజోళ్ళు.

శుక్రవారమని తెలీదు నాకు.
పన్నెండు కొట్టగానే
టీ కొట్టూ, మ్యూజియమూ, సిమ్‌కార్డులమ్మే కుర్రాడూ
అందరూ ఒక్కసారే షట్టర్లు దించేశారు.
బంగారు గుమ్మటం ఒక్కటే
ఎండలో కళ్ళు తెరుచుకుని ఉంది.

"రెండింటి దాకా ఇంతే" అన్నాడు పడవ నడిపే మెతుసిన్,
నల్లటోపీ సర్దుకుంటూ.
"అందాకా మా పెద్దమ్మ దగ్గర కూర్చో."
నది దాటించి, నీళ్ళ మీది ఊళ్ళో నన్ను అప్పజెప్పి
నమాజుకి పోయాడు.

బడి గుంజల మీద. మసీదు గుంజల మీద.
ఇంత నీటి నడుమ ఫైర్‌స్టేషను కూడా,
అదీ గుంజల మీదే.
రంగు డబ్బాల్లో మిరప మొక్కలు,
చెక్కబాట సందుల్లోంచి
నా అరికాళ్ళకేసి చూసే గోధుమరంగు నది.
ఒక పిల్లి నన్ను దాటి వెళ్ళింది,
నాకంటే పని ఉన్నదానిలా.

సఫురా పెద్దమ్మకి ఇంగ్లీషు పది మాటలొచ్చు,
నాకు మలయ్ రెండు.
గిన్నె ముందుకి జరిపింది:
సగ్గుపిండిలో మరిగే నీళ్ళు పోసి తిప్పిన అంబుయాత్,
గంజి కాదు, బంక కాదు, రెండింటికీ మేనత్త కూతురు.
రెండు కాళ్ళ వెదురుపుల్లకి చుట్టి
అడవిమామిడి పులుసులో ముంచి
నోట్లో పెట్టుకుని
నమిలాను.

ఆమె పకపకా నవ్వింది.
నా దవడ చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది.
తన గొంతు మీద వేలితో
పైనుంచి కిందికి ఒక గీత గీసింది.
మింగాలట. నమిలితే పళ్ళు వదలదట.

ఎన్నాళ్ళుంటావని అడిగింది.
నాలుగు వేళ్ళు చూపించాను.
"నాలుగు రోజులా?"
గడియారం చూపించాను.
ఈసారి నవ్వలేదు. ఇంకో చుట్ట చుట్టి నా చేతికిచ్చింది.
"చుకుప్" అంది.
చాలా? అని అడిగిందో, చాలు అని తేల్చిందో,
అన్నం గురించో, గంటల గురించో
అడగడానికి నా రెండు మాటలూ సరిపోలేదు.

రెండుంబావుకి మెతుసిన్ వచ్చాడు,
ముంజేతుల మీద ఇంకా తడి.
పెద్ద ముక్కు కోతుల్ని చూపిస్తానని
మడ అడవిలోకి పడవ ఉరికించాడు.
ఒక కొమ్మ ఊగింది.
"అదే!" అన్నాడు.
ఊగిన కొమ్మనే చూశాను, చాలాసేపు,
అది ఆగేదాకా.

ఇప్పుడు కిటికీ పక్క సీటు, బెల్టు బిగించాను.
కింద ఆకుపచ్చ, ఆ తర్వాత మబ్బు.
తర్వాతి ముద్దలన్నీ పద్ధతిగా మింగాను,
ఒక్కదాని రుచీ గుర్తులేదు.
తప్పు చేసిన మొదటి ముద్ద మాత్రం
వెనక పంటికి అంటుకుని అక్కడే ఉంది.
నాలుకకి తగులుతోంది, పులుపు.

బ్రష్షు సంచిలోనే ఉంది.
తియ్యలేదు.