మూడో ప్లస్సు, నాలుగో మైనస్సు

కొండమల్లేపల్లి చౌరస్తాల
పంచర్ దుకాణం పక్కన రేకుల షెడ్డు నాది.
పొద్దుగూకే యాళ్లకు పాత బొలెరో తెచ్చి ఆపి
సక్రు అన్నడు, జర గట్టిగనే:
"పాట ఇనబడకుంటె మానె,
ఈపుకు తగలాలె."

ఇరవై రెండేండ్లు బోరు బండి మీద చేసిండట.
కంప్రెషర్ దిక్కున్న కుడి చెవు ముందుగాల పోయింది.
ఎడమది ఇప్పుడు తొవ్వల ఉంది.

నాలుగు ఛానళ్ల ఆంప్లిఫయర్.
మొదటి రెండు ముంగటి తలుపుల స్పీకర్లకు.
మిగిలినయి కలిపితేనే ఊఫర్‌కు సాలే బలం:
మూడోదాని ప్లస్సు, నాలుగోదాని మైనస్సు,
నడిమి రెండు స్క్రూలు ఖాళీ.
"అవెందుకు ఇడిసినవ్?" అన్నడు.
ఇడువకుంటె కాలుతదన్న.
చెవు కాడికి వంగి మళ్ల అన్న.

ఊఫర్ల రెండు కాయిళ్లు, రెండేసి ఓములు.
పక్కపక్కన కడితె ఒక్క ఓము, ఆంప్లిఫయర్ మసి.
ఒకదాని తోక ఇంకోదాని మూతికి కట్టిన.
మీటర్ మూడు పాయింట్ ఆరు సూపెట్టింది.
నడుస్తది.

బ్యాటరీకి జానెడు దూరంల ఫ్యూజు.
ఎర్ర తీగె ఈ పక్క, పాట తీగెలు ఆ పక్క.
రెండూ కలిసి పోతె
ఇంజన్ మూలుగు పాటలకొస్తది.

ఎర్త్ కాడ మాత్రం నన్ను జరుగుమన్నడు.
సీటెనక స్క్రూడ్రైవర్ పెట్టి తానే గీకిండు.
తెల్ల రంగు, దాని కింద ఎర్ర పూత,
దాని కింద మెరిసే ఇనుము.
"ఎన్ని ఫీట్లకు పడ్డది?" అని నవ్విండు.
ఏడు వందల యాభై దిగినా దుమ్మే లేసిన బోర్లు
ఊరు పేరు, ఆసామి పేరుతోని చెప్తడు.
ఒక ఆసామి పేరు కాడ ఆగిండు.
మళ్ల గీకిండు, అవసరం లేకున్నా.

గౌసుగాని ఫోన్ల ఏదో పెండ్లి పాట.
ఎనభై పైన కోసేసి, గెయిన్ మెల్లగ తిప్పిన.
షెడ్డు రేకులు గలగలమన్నయి,
పానా డబ్బల నట్లు జరిగినయి.
సక్రు సీట్ల ఈపు ఆనిచ్చి
చెప్పులిడిసి
రెండు పాదాలూ కింద రేకు మీద పెట్టిండు.

చానా సేపటికి
"నీళ్లు పడే ముందల రాడ్డు గిట్లనే వణుకుతది" అన్నడు.
"చెవుకు తెల్వదది. అరికాలుకు తెలుస్తది."

మూడు వందలు తక్కువిచ్చిండు. అడగలే.
బండి దేవరకొండ దిక్కు మలిగినంక గూడ
గౌసుగాడు నేల మీద చెయ్యి పెట్టుకొని
గట్లనే కూసున్నడు.
నేను మీటర్ బందు చేసుడు మర్సిన.
పొద్దుగాల చూస్తె దాని బ్యాటరీ అయిపోయింది.