గీత బయటి పిక్క

సోమవారం కట్ట వచ్చింది.
ఇరవై మూడు కాగితాలు, ఇరవై మూడు ఆపిల్ పళ్ళు,
చుట్టూ లావుపాటి నల్ల గీత.
కింద చిన్న అక్షరాల్లో:
ఎరుపు రంగు నింపుము. గీత దాటరాదు.

కాశీబుగ్గలో రైలు గేటు అవతల
మా అంగన్‌వాడీకి ఒకటే గది.
ఒక మూల గుడ్ల అట్టలు, ఒక మూల పప్పు డబ్బా,
మిగిలిన చోట పిల్లలు.
గాలి ఇటు తిరిగితే బాయిలర్ పొగ.
జీడిపిక్కలు ఉడికే వాసన
మా హాజరుపట్టీకి కూడా అంటుకుని ఉంటుంది.

పదకొండేళ్ళుగా నేను చేసే పని చెబుతాను, దాచను.
పిల్ల చేతిలో క్రేయాన్,
ఆ చేతి మీద నా చెయ్యి,
ఇద్దరం కలిసి రంగు వేస్తాం. అంటే నేనే వేస్తాను.
పళ్ళన్నీ ఒకే కొమ్మన కాసినట్టు వస్తాయి.
ఫోటో తీసి ఫోన్లో పంపిస్తాను.
పచ్చ టిక్కు పడుతుంది.
ఢిల్లేశ్వరి టీచరు సెంటరు బాగుంటుందంటారు.

ఆ రోజు ఆయా రాలేదు.
పొయ్యి మీద గుడ్లు,
గుమ్మంలో బియ్యం లెక్క చూసే మనిషి,
నాకున్నవి రెండు చేతులు.
తిరిగొచ్చేసరికి మోక్షిత
తన ఆపిల్ పండు కింద, గీతకి బయట,
ఒక వంకర గుండు గీసి కూర్చుంది.

"ఏటే ఇది?"
"పిక్క."
"పండుకి పిక్క లోపలుంతాదే గుంటా."
నా వైపు జాలిగా చూసింది.
"బయటే కదేటి టీచరమ్మా.
లోపలుంతే మాయమ్మ ఎలాగ ఒలుస్తాది?"

నాలుగేళ్ళ పిల్ల.
ఆపిల్ ఎప్పుడైనా తిందో లేదో నేను అడగలేదు.
జీడిమామిడి తోటలో పెరిగిన నేను,
పండు తిని గొంతు గరగరలాడి,
పిక్క నిప్పుల్లో కాల్చుకుని
మూతి పొక్కించుకున్న నేను,
గింజని గీత లోపలే పెట్టాలని
ఎవరి దగ్గర నేర్చుకున్నానో.

మిగతావి కూడా చూశాను.
ధనుష్ పండుకి తలుపు పెట్టాడు, గొళ్ళెంతో సహా.
యశ్వంత్ పండుని పట్టించుకోనే లేదు,
కాగితం వెనక్కి తిప్పి
పడుకున్న చెట్టు గీశాడు.
నిలబెట్టరా అంటే
"పడిపోనాది కదా, తాత సెప్పినాడు" అన్నాడు.
ఆ తుఫాను నాటికి వాడింకా పుట్టలేదు.
భార్గవి ఏమీ గీయకుండా
కాగితం నాలుగు మడతలు పెట్టి
గౌను జేబులో దాచుకుంది. అడిగితే ఇవ్వలేదు.

డబ్బాలో ఎరుపు క్రేయాన్
ముక్కు విరగకుండా కొత్తగానే ఉంది.
నలుపు మాత్రం గోరంత మిగిలింది.
ఇంత నలుపు ఎవరికి కావలసి వచ్చిందా అని వెతికితే
మోక్షిత కాగితం వెనక
రెండు చేతులు,
పదకొండు వేళ్ళు,
అన్నీ కొసల దాకా నల్లగా.

ఎవరివని అడగలేదు.
జీడి నలుపు సబ్బుకి పోదు,
బూడిదకి పోదు, కొబ్బరినూనెకి పోదు.
పెళ్ళికి పెట్టిన గోరింటాకు
దాని మీద పండినా కనిపించదు.

సాయంత్రం ఈశ్వరమ్మ వచ్చింది.
బొమ్మ చూసి చేతులు కొంగులో దాచుకుంది.
కాసేపటికి ఒక చెయ్యి బయటికి తీసి
కాగితం మీద ఆనించి చూసుకుంది.
"ఏలొకటి ఎక్కువేసినావే."
"ఉండనీయమ్మా. బేగొచ్చెస్తావు."

ఫోన్ అడుగుతూనే ఉంది, ఈరోజు ఫోటో ఏదని.
జ్వరంతో రాని పిల్లాడి కాగితం ఒకటి మిగిలింది.
దీపం వెలుగులో కూర్చుని
గీత దాటకుండా నేనే ఎరుపు నింపి పంపించాను.
పచ్చ టిక్కు పడింది.
నలభై రెండేళ్ళ వయసులో
ఆ పని నాకు చక్కగా వచ్చు.

మంగళవారం నలుపు క్రేయాన్లు నాలుగు కొన్నాను.
కాగితాలు పంచేటప్పుడు
తెల్ల వైపు పైకి పెట్టి పంచుతున్నాను.